పాత జైలు రోడ్డులో కోటగోడ పక్కన ప్లాజా: డిజైన్‌లో ఎంతవరకు వెళ్లొచ్చు?

వాషర్‌మన్‌పేట అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఆర్కిటెక్చర్ ఐదో సంవత్సరం చదువుతున్నాను, ఇల్లు చెన్నైలో పాత వాషర్‌మన్‌పేటలో. థీసిస్‌కి నేను తీసుకున్న స్థలం పాత జైలు రోడ్డులో మిగిలిన బ్లాక్ టౌన్ (ఇంగ్లీషువాళ్ల కోట బయట మనవాళ్లు ఉన్న పాత ఊరు) గోడ, మనవాళ్లందరూ మాడి పూంగా అంటారే, అదే. చిన్నప్పుడు మా అమ్మమ్మ సాయంత్రం పూట ఆ గోడ మీది పార్కుకి తీసుకెళ్లేది. అది కోటగోడ అని ప్లస్ టూకి వచ్చేదాకా నాకు తెలియదు, ఏదో ఎత్తు మీద కట్టిన పార్కు అనుకునేదాన్ని. ఆ విషయం తెలిసిన రోజు నుంచీ దాని మీద ఏదో ఒకటి చేయాలని ఉంది, అందుకే అందరూ ఎయిర్‌పోర్టులు, మ్యూజియంలు తీసుకుంటుంటే నేను గోడ పాదం దగ్గర రోడ్డు వెంట ఉన్న జాగా తీసుకుని, అక్కడ జనం కూర్చోవడానికి ఒక ప్లాజా అన్నాను.

మొదటి రివ్యూకి నేను గీసింది ఇది. నేలంతా బూడిద రంగు గ్రానైటు, మధ్యలో ఆరడుగులు కిందికి దిగే ప్రాంగణం, దాని చుట్టూ కూర్చునే మెట్లు, ఒక పక్క నుంచి స్టీలూ గాజుతో పైకి లేచి గోడ అంచుని తాకే డెక్కు, దాని మీద నిలబడితే హార్బరు వైపు చూడొచ్చు. రాత్రి కింది నుంచి గోడ మీదికి లైట్లు. మోడల్ చాలా బాగా వచ్చింది, వారం రోజులు సరిగ్గా నిద్రపోలేదు. రివ్యూకి వచ్చిన ఒక మేడం మోడల్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఈ గోడ తీసేసి ఇక్కడ ఇంకేదైనా గోడ పెడితే నీ డిజైన్‌లో ఏం మారుతుంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన.

తర్వాత వారం రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అక్కడికే వెళ్లి కూర్చున్నాను. మొదటిసారి ఆ పని చేయడం, సిగ్గుగా ఉంది చెప్పడానికి, సైటు ఫోటోలు అంతకుముందు పావుగంటలో తీసుకొచ్చేశాను. పొద్దున మీన్‌బాడీ అనే మూడు చక్రాల సరుకు బండ్లు తొక్కేవాళ్లు వరసగా నిలబెట్టుకుని టీ తాగుతారు. పక్కన కాలేజీ అమ్మాయిలు బస్సు కోసం ఎండలో పుస్తకం నెత్తిన పెట్టుకుని నిలబడతారు. మధ్యాహ్నం మూటలు మోసేవాళ్లు బండి మీదే కాళ్లు ముడుచుకుని పడుకుంటారు. గోడ పాదం చాలా చోట్ల తడిగా, నల్లగా ఉంది, కారణం చెప్పక్కర్లేదు, దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాలి. లోడు బండ్లు గోడకి ఆనించి ఆపుతున్నారు. వీళ్లలో ఒక్కరు కూడా నా మోడల్‌లో లేరు, నా మోడల్‌లో ఉన్నది ల్యాప్‌టాప్ పట్టుకున్న తెల్ల కాగితం బొమ్మలు.

నా ప్రశ్నలు: గోడకి ఎంత దూరంలో ఆగాలి? పాత ఇటుక గోడ పక్కన ఇప్పటి మెటీరియల్ పెడితే తప్పా, లేక పాతదాన్ని అనుకరించడమే తప్పా? నేలని కిందికి దించడం మంచిదేనా? ఇప్పుడు అక్కడ ఉన్నవాళ్లని డిజైన్‌లోకి ఎలా తీసుకోవాలి? వేరే ఊళ్లలో కోటగోడ పక్కన కొత్త ప్లాజాలు కట్టినవి చూసినవాళ్లుంటే దయచేసి చెప్పండి, ఫోటోలు నెట్‌లో చూశాను, నాకు కావలసింది అక్కడ కూర్చున్నవాళ్ల మాట.

డ్రాయింగ్ బల్ల

ముందు చట్టం సంగతి చెప్తాను, ఎందుకంటే కాలేజీల్లో దీన్ని చివరి వారంలో ఒక స్లైడుగా పెట్టి వదిలేస్తారు. ఆ గోడ ఏఎస్ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ, రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు, దాని ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, అక్కడి నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలత గోడ ముఖం నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి, ఈ ఒక్క తేడాతో చాలా ప్లాన్లు తప్పుతాయి కాబట్టి ముందు ఆ హద్దు ఎక్కడుందో మ్యాపు సంపాదించు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ జాగా మొత్తం మొదటి వంద మీటర్లలోనే ఉంది. అంటే డెక్కు పోయింది, మెట్ల ప్రాంగణం కూడా పోయింది. గోడని తాకే స్టీలు గురించి అడగనే అక్కర్లేదు. ఆరడుగుల తవ్వకం అయితే ఇంకా ప్రమాదం, పునాది ఎంత లోతుకి ఉందో, బయటి వైపు కందకం ఆనవాళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా అంత పాత గోడ పక్కన పార పెట్టకూడదు.

థీసిస్సే కదా, ఊహించుకోవచ్చు అంటావేమో. ఊహించుకో, కాని నేను చెప్పబోయేది విన్నాక నిర్ణయించుకో.

అదే చట్టంలో "నిర్మాణం" అంటే ఏమిటో చెప్పే చోట, ఏవి దాని కిందికి రావో కూడా రాసి ఉంది. మురుగు కాలువలు కట్టడం, బాగు చేయడం రాదు. జనం వాడుకునే మరుగుదొడ్లు రావు. మంచినీళ్ల సరఫరా పనులు రావు. జనానికి కరెంటు ఇచ్చే పనులు, అలాంటి సౌకర్యాలు రావు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఆ వాక్యం చదివి ఇదేదో మినహాయింపు అనుకుని పక్కన పెట్టేశాను. చాలా ఏళ్ల తర్వాత ఒక పాత కట్టడం దగ్గర పని చేస్తూ ఉంటే అర్థమైంది, ఆ చోటికి కావలసింది సరిగ్గా ఆ వాక్యంలో ఉన్నవే. నీళ్లు పోయే దారి, ఒక కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి భయం లేకుండా నడిచే వెలుతురు. వీటికి చెట్లు, కూర్చునే చోటు కలుపుకుంటే ప్లాజా వచ్చేస్తుంది. నువ్వు రాసిన పేరాలో గోడ పాదం తడి గురించి ఉంది చూడు, ఆ తడికి మందు అక్కడ దొడ్డి లేకపోవడాన్ని సరిచేయడమే, ఎన్ని బోర్డులు పెట్టినా, గోడ మీద దేవుడి పటాలు అంటించినా ఏమీ కాదు. మూత్రంలోని ఉప్పు ఇటుకని లోపలి నుంచి తినేస్తుంది. కాబట్టి గోడని కాపాడే మొదటి కన్సర్వేషన్ పని నీ ప్లాన్‌లో మరుగుదొడ్డి ఎక్కడ పెట్టావన్నదే.

ఇవి నిర్మాణం కాదు కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు అనుకోవద్దు. నేల పరిచినా, దీపం స్తంభం పాతినా ఏఎస్ఐతో మాట్లాడాల్సిందే. కాని మాట్లాడటానికి నీ దగ్గర సరైన కారణం ఉంటుంది.

పెద్దనాయకన్‌పేట

అమ్మా, ఈ వీధుల్లో పుట్టి పెరిగినవాణ్ణి, డిజైన్ నాకు తెలియదు. ఊరి సంగతి రెండు ముక్కలు చెప్తాను, పనికొస్తుందేమో చూడు.

1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషువాళ్లకి ఈ ఇసుక నేల ఇచ్చాడు, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. సెయింట్ జార్జ్ కోట కట్టాక దానికి ఉత్తరంగా, ఆనుకునే ఊరు పెరిగింది. నేతగాళ్లు, అద్దకం పనివాళ్లు, దుబాసీలు, కోమట్లు, అందులో మనవాళ్లు ఎంతమందో. 1746లో ఫ్రెంచివాళ్లు వచ్చి కోట పట్టుకున్నారు, 1749లో తిరిగి ఇచ్చారు. ఆ మధ్యలో ఫ్రెంచివాళ్లు కొంత, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు మిగతాది, కోట పక్కనున్న ఊరిని కూలగొట్టారు. ఎందుకంటే శత్రువు ఇళ్ల చాటున దాక్కుని కోట మీద కాల్చకూడదు, ఫిరంగికి అడ్డం ఏదీ ఉండకూడదు. చెన్నకేశవ పెరుమాళ్ గుడి కూడా అలాగే పోయింది, తర్వాత పూలబజారు దగ్గర మళ్లీ కట్టారు. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటు అదంతా. ఖాళీ చేసిన ఆ మైదానానికే ఎస్ప్లనేడ్ అని పేరు పెట్టారు. ఇంతకు మించి ఇళ్లు ముందుకు రాకూడదని 1773లో హద్దుగా ఆరు స్తంభాలు పాతారు, వాటిలో ఒకటి ప్యారీస్ కార్నర్‌లో ఇప్పటికీ ఉంది, రోజూ వేలమంది దాని పక్క నుంచి వెళ్తారు.

ఎందుకు చెప్తున్నానంటే, మన ఊళ్లో గోడ పక్కన ఖాళీ చోటు అనేది దానంతటది పుట్టలేదు. మనుషుల్ని లేపేస్తే పుట్టింది. పై ఆయన వంద మీటర్ల గీత గురించి రాశారు, చదువుతుంటే నాకు ఆ స్తంభమే గుర్తొచ్చింది. ఇప్పటి గీత గోడని కాపాడటానికి, మంచిదే, నేనేమీ దాన్ని తప్పు పట్టను. కాని ప్లాజా అనే పేరుతో మళ్లీ అక్కడున్న బండివాణ్ణి, టీ కొట్టు ఆవిడని లేపేయకు. నీ డ్రాయింగులో వాళ్లకి చోటు గీయి, పేరు రాయి, ఇది టీ బండి, ఇవి మీన్‌బాడీ బండ్లు నిలిపే వరస అని. డ్రాయింగులో లేనివాళ్లని పని మొదలైన రోజే పొమ్మంటారు, మా కోత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు 1996లో కోయంబేడుకి వెళ్లిపోయినప్పుడు ఆ మార్కెట్టు చుట్టూ బతికినవాళ్లు ఎంత చెదిరిపోయారో నేను చూశాను.

ఇక నీ గోడ. 1769లో హైదరాలీ గుర్రపు దండు మద్రాసు పొలిమేరల దాకా వచ్చింది. ఊరి చుట్టూ గోడ లేదనే దడ అప్పటిది. ఆ రోజుల్లోనే కట్టారు దీన్ని, ఉత్తరం వైపు, పడమర వైపు. ఖర్చుకి ఊరివాళ్ల దగ్గర పన్ను వసూలు చేద్దామనుకున్నారు, వసూలు కాలేదు, పేరు మాత్రం వాల్ ట్యాక్స్ రోడ్డుకి ఉండిపోయింది. సెంట్రల్ స్టేషన్‌లో దిగే మన తెలుగువాళ్లందరూ ఆ రోడ్డు మీద నడిచినవాళ్లే. ఎలిఫెంట్ గేట్‌ని తమిళంలో యానైకవుని అంటారు కదా, ఆ కవుని మన గవనే, కోట గుమ్మం. మా నాయనమ్మ "ఏనుగు గవని దాటి" అనే అనేది. గోడ పోయింది, గుమ్మం పోయింది, మాట మిగిలింది. నీ ప్లాజాలో రాతి మీద ఏమైనా రాయించేట్టయితే ఆ గుమ్మాల పేర్లు తమిళంలో, తెలుగులో, ఉర్దూలో రాయించు, ఈ వీధుల్లో మూడూ మాట్లాడతారు.

ఇంకొకటి. అక్కడ రాత్రి లైట్లు అంటున్నావు. పైన పార్కులో పెద్దవాళ్లు నడవడానికి వస్తారు, మెట్లు ఎక్కలేక ఆగిపోయేవాళ్లు నాలాంటివాళ్లు చాలామంది. వాళ్లకి కింద ఆనుకుని కూర్చునే అరుగు కావాలి. వీపుకి ఆనుడు ఉండాలి, పక్కన చేయి ఊని లేవడానికి పట్టు ఉండాలి. ఎత్తు పద్దెనిమిది అంగుళాలు చూడు, అంతకు తక్కువైతే మోకాళ్లు లేవవు.

నికోసియా నుంచి

నేను పెరంబూరు అమ్మాయినే, ఇప్పుడు సైప్రస్‌లో, నికోసియాలో పని చేస్తున్నాను. మీరు అడిగినలాంటి చోటే ఇక్కడ ఉంది, ఎలెఫ్తేరియా స్క్వేర్ అంటారు, ఆదివారాలు మేం కలుసుకునేది ఆ దగ్గర్లోనే కాబట్టి కూర్చున్నవాళ్ల మాటే చెప్తాను.

పాత ఊరి చుట్టూ గుండ్రటి గోడ, 11 బురుజులు, 1567లో వెనిస్ వాళ్లు మొదలుపెట్టారు. మూడేళ్లకే 1570లో తుర్కుల సేన ఊరు పట్టుకుంది. గోడ చుట్టూ వెడల్పాటి కందకం, నీళ్లుండవు. పై సార్ రాసింది చదివి నాకు ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే ఇక్కడా అంతే జరిగింది, కొత్త గోడ గీతకి బయట పడిన ఇళ్లు, మఠాలు అన్నీ ఫిరంగులకి అడ్డం లేకుండా కూలగొట్టారు. ఊరి మధ్య పారే నదిని కూడా గోడ బయటికి మళ్లించారు.

ఇప్పటి స్క్వేరు జహా హదీద్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ ఆఫీసు డిజైను. 2005లో పోటీలో గెలిచారు, జనానికి తెరిచింది 2021లో, ఆవిడ 2016లోనే పోయారు. పదహారేళ్లు పట్టింది. పాత ఊరినీ కొత్త ఊరినీ కలిపే వంతెన ఉండేది, దాన్నే పెద్దది చేసి, పైన గ్రానైటు నేల, కింద కందకంలో పార్కు, పై నుంచి కిందికి దిగే మెట్లు, అంతా తెల్లటి కాంక్రీటు వంపులు. పాతదానిలా కనబడాలని ఎక్కడా ప్రయత్నించలేదు. నాకు అదే నచ్చింది. గోడ పసుపు రాయి, కొత్తది తెలుపు, ఏది ఎప్పటిదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. కొంతమంది ఇక్కడివాళ్లు దీన్ని ఇప్పటికీ ఒప్పుకోరు, మా యజమానురాలు ఇదేదో వేరే లోకం నుంచి దిగినట్టుందంటారు.

కాని నాకు ముఖ్యం అనిపించిన విషయం వేరే. అంతకుముందు కందకం అనేది పై నుంచి తొంగి చూసే గొయ్యి. ఇప్పుడు కిందికి దిగి గోడ పాదం దగ్గర నిలబడి తలెత్తి చూడొచ్చు, అప్పుడు తెలుస్తుంది అది ఎంత గోడో. మీ మేడం అడిగిన ప్రశ్నకి ఇక్కడ జవాబు ఉంది, గోడ తీసేస్తే ఆ మెట్లు ఎక్కడికీ వెళ్లవు.

చెన్నైకి దీన్ని యథాతథంగా తీసుకురాకండి. ఇక్కడ కందకం ముందే ఉంది, ఎవరూ తవ్వలేదు. వాన ఏడాదికి 300 మిల్లీమీటర్ల పైచిలుకు, మన ఊళ్లో దాదాపు 1400, అదీ అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే చాలా మటుకు. మీ ఆరడుగుల ప్రాంగణం నవంబరులో కొలను అవుతుంది. ఇంకా ఇక్కడ జులై మధ్యాహ్నం ఆ తెల్ల కాంక్రీటు మీద ఎవరూ ఉండరు, చెట్లు ఇంకా ఎదగాలి, సాయంత్రం ఏడు దాటాక వస్తారు. మా ఆడవాళ్లం టిఫిన్ డబ్బాలు పట్టుకుని వెళ్లి కూర్చునేది పాత చెట్ల కిందే, డిజైన్ చేసిన బెంచీల మీద ఎప్పుడో గాని కాదు. ఈ మాట మీ జ్యూరీలో చెప్పండి, ప్రపంచంలో పేరున్న డిజైన్ పక్కన కూడా మనుషులు వెతుక్కునేది నీడే.

కలాసిపాళ్యం

బెంగళూరు నుంచి చిన్న మాట. మా దగ్గర కోట చాలావరకు పోయింది. కెంపేగౌడ 1537లో పేట చుట్టూ మట్టిగోడ కట్టించాడు, దక్షిణంగా ఉన్న కోటని హైదరాలీ 1761లో రాతితో కట్టించాడు, మిగిలింది ఢిల్లీ గేటు, కొంచెం బురుజు. 1791 మార్చి 21న ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సేన గోడ బద్దలుకొట్టి లోపలికి వచ్చిన చోట ఒక పలక ఉంది. ఎదురుగా కేఆర్ మార్కెట్టు, ఫ్లైఓవరు, బస్సులు. కోట చుట్టూ కంచె, గేటు, టైమింగులు. లోపల శుభ్రంగా ఉంటుంది, ఎప్పుడు వెళ్లినా పట్టుమని పదిమంది ఉండరు. కంచె బయట అడుగు జాగా కోసం జనం తోసుకుంటారు. హిందూపురం, చిక్‌బళ్లాపురం వైపు నుంచి పూలు తెచ్చినవాళ్లు తెల్లవారుజామున బస్సు దిగి మూట మీదే కూర్చుంటారు, సగం మంది తెలుగే మాట్లాడతారు. నువ్వు గీసే చోట కంచె పెట్టాల్సి వస్తే దాని బయటి వైపు కూర్చునే గట్టులా చెయ్యి. కనీసం ఆ కంచెకి ఒక పని దొరుకుతుంది.

వాషర్‌మన్‌పేట అమ్మాయి

అందరికీ చాలా చాలా థాంక్స్. పెద్దనాయకన్‌పేట తాతయ్యా, మీ మాటలు అమ్మమ్మకి చదివి వినిపించాను, "గవని" అనగానే ఆవిడ కూడా గుర్తుపట్టింది, మా ఇంట్లో ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు.

డెక్కు తీసేశాను. ప్రాంగణం తీసేయడానికి రెండు రోజులు పట్టింది, బాధగా అనిపించింది, కాని నవంబరు కొలను మాట చదివాక ఇంక గీయలేకపోయాను. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి నేల, నీళ్లు, చెట్లు, అరుగులు, దొడ్డి, కుళాయి, దీపాలు. ఇంత తక్కువతో "ఇందులో డిజైన్ ఏముంది" అంటారేమో అని టెన్షన్‌గా ఉంది. ఇంకో సందేహం, గ్రానైటు నేలని గోడ దాకా తీసుకెళ్లొచ్చా? అక్కడ మట్టి వదిలితే చెత్త పేరుకుంటుందని మా గ్రూపులో ఒకరు అంటున్నారు.

గానుగ సున్నం

దీనికి నేను జవాబు చెప్పాలి, పాత కట్టడాల రిపేరు పనులు నా వృత్తి.

గ్రానైటుని గోడ దాకా తీసుకెళ్లొద్దు. గట్టిగా చెప్తున్నాను, ఇది రుచికి సంబంధించిన విషయం కాదు. ఇటుక, సున్నంతో కట్టిన గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుంటుంది, పీల్చుకున్నది పక్కల నుంచి ఆవిరైపోతూ ఉంటుంది, అలా ఊపిరి తీసుకుంటూనే రెండు వందల యాభై ఏళ్లు నిలబడింది. పాదం దగ్గర సిమెంటు మీద రాయి పరిచి మూసేస్తే నేలలోని తడికి బయటికి వచ్చే దారి ఒక్కటే మిగులుతుంది, గోడ. ఇంకాస్త పైకి ఎక్కుతుంది, ఎక్కిన చోట ఉప్పు పొంగి ఇటుక పెచ్చులుగా రాలుతుంది. అది చూసి ఎవరో సిమెంటు ప్లాస్టరు వేస్తారు, దాంతో లోపల ఇంకా చెడుతుంది. పాత ఇళ్లలో ఈ వరస నేను లెక్కలేనన్ని సార్లు చూశాను, పాపం ఇంటివాళ్లు మంచి చేస్తున్నామనే అనుకుంటారు.

గోడ పాదం నుంచి కనీసం మీటరు వెడల్పున కంకర పట్టీ వదులు, దాని కింద గోడకి దూరంగా వాలే సన్నని కాలువ. పట్టీ అంచున కూర్చునే అరుగు పెట్టు, అప్పుడు బండ్లు గోడకి ఆనవు, జనం గోడకి మరీ దగ్గరగా వెళ్లరు, నువ్వు "తాకరాదు" అని బోర్డు పెట్టే అవసరం రాదు. చెత్త సంగతి నిజమే, కంకరలో కాగితాలు పడతాయి, పెద్ద సైజు కంకర వేస్తే చీపురుతో ఊడ్చినా అది కదలదు. మిగతా నేలకి రాయి వాడు, కాని సిమెంటు మంచం మీద కాదు, ఇసుక మీద సందులు వదిలి పరుచు, నీళ్లు ఇంకుతాయి, రేపు కేబులు వేయాలన్నా పగలగొట్టక్కర్లేదు.

రోడ్డు మట్టం చూశావా? చెన్నైలో పాత పొర గీకకుండా మీద మీద తారు వేసిన వీధులు ఎన్నో, ఒక్కో పొరకీ రోడ్డు లేస్తుంది, పక్కనున్న పాత కట్టడం కిందికి దిగినట్టవుతుంది. అలా అయితే వాననీరు గోడ వైపే వస్తుంది. ఆ ప్రాంతం నేల స్వభావం కూడా గుర్తుంచుకో, ఇప్పటి ప్రకాశం శాలై, అంటే బ్రాడ్‌వే, ఒకప్పుడు నీళ్లు పారే పల్లం, అత్తపల్లం అనేవాళ్లు. ముత్యాలుపేటకీ పెద్దనాయకన్‌పేటకీ మధ్య ఉన్న ఆ పల్లాన్ని పోఫాం అనే ఆయన పూడ్పించి రోడ్డు వేయించాడు. పేరు పోఫాంస్ బ్రాడ్‌వే, ఆ తర్వాత ప్రకాశం పంతులుగారి పేరు. రోడ్డు పేరు ఎన్నిసార్లు మారినా నీళ్లకి పాత దారే తెలుసు. కాబట్టి నీ ప్లాజా మొదటి డ్రాయింగు నేల వాలు చూపించే సెక్షను, అంటే నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ, కావాలి. ఆ తర్వాతే ప్లాను.

నీడ గురించి ఒకటి. ఆ గోడ దాదాపు తూర్పు పడమరలుగా ఉంది. ఏప్రిల్ చివర, ఆగస్టు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు చెన్నైకి సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, గోడకి నీడే పడదు. కాబట్టి గోడ నీడ మీద ఆధారపడకు, చెట్లే కావాలి. కానుగ, గంగరావి, పొగడ, వేప. తురాయి వద్దు, నిద్రగన్నేరు వద్దు, 2016 డిసెంబరులో వర్దా తుఫాను వచ్చినప్పుడు ఎలాంటి చెట్లు వేళ్లతో సహా లేచాయో అందరం చూశాం. గోడకి ఐదారు మీటర్లు దూరంగా నాటు, వేళ్లు పునాది వైపు రాకుండా. గోడ మీద మొలిచిన రావి మొక్కల్ని చూపించి, వాటిని ఎలా తీస్తారో ఒక షీటు పెట్టు, పైన కొమ్మ కోసేస్తే అవి చావవు, వేరు ఇటుకల మధ్య లావవుతూనే ఉంటుంది.

పాత గోడకి అతుకు వేయాల్సిన చోట మాత్రం గుల్ల సున్నం, గానుగలో రుబ్బినది. కొత్త అరుగులు, దొడ్డి వీటికి ఇప్పటి మెటీరియలే వాడు, నికోసియా అమ్మాయి చెప్పింది సబబు, ఏది ఎప్పటిదో తెలియాలి. ఇటుకలా కనిపించే టైల్సు అంటించకు, అది గోడకి అవమానం.

డ్రాయింగ్ బల్ల

"ఇందులో డిజైన్ ఏముంది" అన్న భయం గురించి. కంకర పట్టీ, అరుగు, చెట్టు వరస, దొడ్డి, కాలువ వాలు, వీటిని ఎక్కడ పెడతావు, ఏ ఎత్తులో, ఎంత దూరంలో అన్నదాంట్లో ఆరు నెలల పని ఉంది. దొడ్డి తలుపు ఎటు తిరగాలి, కాలేజీ అమ్మాయి రాత్రి ఏడింటికి అక్కడికి వెళ్లాలంటే దారి ఎవరికి కనబడాలి, టీ బండి పొగ ఎటు పోవాలి. ఒక్కో నిర్ణయం పక్కన అది గోడ వల్ల ఎందుకు అలా అయిందో ఒక వాక్యం రాసి పెట్టు. మీ మేడం మళ్లీ అదే ప్రశ్న అడిగితే ఆ షీటు ముందు పెట్టు.

పెద్దనాయకన్‌పేట

అమ్మా, ఇంకో మూడు వారాల్లో వానలు మొదలవుతాయి. మొదటి పెద్ద వాన రోజు గొడుగేసుకుని వెళ్లు, నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఎటు పోతాయో చాక్‌పీసుతో గోడ పక్కన గీతలు గీసుకో. టీ కొట్టు ఆవిడని అడిగితే ఏ ఏడాది ఎంత ఎత్తు వచ్చిందో చేత్తో చూపిస్తుంది. మీ అమ్మమ్మని కూడా తీసుకెళ్లు, వాన తగ్గాక.

వాషర్‌మన్‌పేట అమ్మాయి

తప్పకుండా తాతయ్యా. చాక్‌పీసులు రెండు డబ్బాలు కొన్నాను. గీతలు గీశాక సెక్షను ఇక్కడే పెడతాను, గానుగ సున్నం గారు వాలు చూసి తప్పులు చెప్పాలి. టీ కొట్టు ఆవిడ పొద్దున ఐదింటికే వస్తారట, ఆ టైముకి వెళ్లి ముందు ఆవిడ బండి పొడవు, వెడల్పు కొలుచుకుంటాను.